యుద్ధం వేళ శాటిలైట్ ఫొటో: ఏది తెరవాలి, ఏది నమ్మాలి, దేనికి డబ్బు పెట్టాలి

2025 మేలో ఆపరేషన్ సిందూర్ మొదలైన రెండో రాత్రి. పరకాల నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆమె కొడుకు అప్పుడు జమ్మూ వైపు డ్యూటీలో ఉన్నాడు. "నువ్వు గీ శాటిలైట్ ఫొటోలు సూస్తవ్ గదా బిడ్డా, మనోళ్ల క్యాంపు కాలిపోయిందని గ్రూపుల పెట్టిన్రు. నిజమేనా సూసి జెప్పు" అంది. గొంతు వణుకుతోంది. ఆ ఫొటో నాకూ వచ్చింది. పైనుంచి తీసినట్టున్న బొమ్మ, నల్లని మచ్చలు, కొంచెం పొగ, మీద ఎర్ర బాణం గుర్తు. తారీఖు లేదు, ఊరి పేరు లేదు.

హనుమకొండలో మా ఇంట్లో కూర్చుని ఆ రాత్రి మూడు పనులు చేశాను. ఆ ప్రాంతం మీదుగా యూరప్ వాళ్ల ఉచిత ఉపగ్రహం చివరిసారి ఎప్పుడు పోయిందో చూశాను. నాసా మంటల మ్యాపులో అక్కడ ఎర్ర చుక్క ఉందా అని చూశాను. తర్వాత అదే ఫొటోను గూగుల్‌లో వెతికాను. వేరే దేశపు పాత వార్తలో దొరికింది. మొత్తం ఇరవై నిమిషాలు. "ఆ ఫొటో మనది కాదు చిన్నమ్మా, ఏండ్ల కిందటిది" అని చెప్పాను. తమ్ముడు క్షేమంగా ఉన్నాడని మాత్రం చెప్పలేదు. అది ఏ ఉపగ్రహమూ నాకు చెప్పలేదు.

అప్పటి నుంచి చాలామంది అడుగుతున్నారు. ఏ సైటు మంచిది, డబ్బు కడితే బాగా కనబడుతుందా, మన ఇస్రో బొమ్మలు ఎందుకు దొరకవు అని. విలేకరులు అడిగారు, ఇంజినీరింగ్ పిల్లలు అడిగారు. వాళ్లందరికీ కలిపి రాస్తున్నాను.

## ముందు ఏం చూసుకోవాలి

అందరూ మొదట అడిగేది స్పష్టత గురించే. దాన్ని మన భూమి లెక్కలో చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. 10 మీటర్ల చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 100 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఒక గుంట. 30 మీటర్ల చిత్రంలో ఒక్క చుక్కలో తొమ్మిది గుంటలు పడతాయి. 3 మీటర్లంటే ఒక చిన్న గది. 30 సెంటీమీటర్లంటే ఒక అడుగు. టీ-72 ట్యాంకు ఒళ్లు దాదాపు 7 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు ఉంటుంది. గుంట భూమిని ఒక్క రంగుగా చూపే చిత్రంలో అది కలిసిపోతుంది. గది సైజు చుక్కల్లో రెండు మూడు చుక్కలుగా మిగులుతుంది. అడుగు చుక్కల్లో అయితే తుపాకీ గొట్టం ఎటు తిరిగి ఉందో కూడా ఆనవాలు దొరుకుతుంది.

నా అనుభవంలో స్పష్టత కన్నా ముందు చూడాల్సింది తారీఖు. ఎప్పుడు తీశారు, మళ్లీ ఎప్పుడు తీస్తారు? యుద్ధంలో అబద్ధాలు ఎక్కువగా అక్కడే పట్టుబడతాయి.

మూడోది మబ్బు, చీకటి. నాలుగోది, చాలామంది అసలు అడగనిది: ఈ చిత్రం తాళంచెవి ఎవరి చేతిలో ఉంది? ఖర్చు చివరి మాట.

| ఎంపిక | ఒక్క చుక్క ఎంత నేల | మళ్లీ ఎప్పుడు | మబ్బులో, రాత్రిలో | ఖర్చు |
|---|---|---|---|---|
| సెంటినెల్-2 | 10 మీ., ఒక గుంట | 5 రోజులకు | పనిచేయదు | ఉచితం |
| ల్యాండ్‌శాట్ 8, 9 | 30 మీ., తొమ్మిది గుంటలు | రెండూ కలిసి 8 రోజులకు | పనిచేయదు | ఉచితం |
| సెంటినెల్-1 రాడార్ | దాదాపు 20 మీ. | 6 నుంచి 12 రోజులకు | పనిచేస్తుంది | ఉచితం |
| నాసా ఫర్మ్స్ మంటల మ్యాపు | 375 మీ., దాదాపు 35 ఎకరాలు | రోజుకు పలుమార్లు | రాత్రి సరే, దట్టమైన మబ్బులో కాదు | ఉచితం |
| ప్లానెట్‌స్కోప్ | 3 మీ. | దాదాపు రోజూ | పనిచేయదు | చందా |
| వరల్డ్‌వ్యూ, ప్లెయాడెస్ నియో | 30 సెం.మీ. | ఆర్డరును బట్టి | పనిచేయదు | ఖరీదు |
| ఐసై, కపెల్లా రాడార్లు | మీటరు లోపు | ఆర్డరును బట్టి | పనిచేస్తుంది | ఖరీదు |
| కార్టోశాట్-3 | నలుపు తెలుపులో 25 సెం.మీ. | ప్రభుత్వ అవసరాన్ని బట్టి | పనిచేయదు | ప్రభుత్వానికి ఉచితం, మిగతావారికి ధర |

## సెంటినెల్-2: ఇంట్లో ఉండాల్సిన త్రాసు

మొదట చెప్పిన యూరప్ వాళ్ల ఉచిత ఉపగ్రహం ఇదే. ఒక్కటే నేర్చుకునే ఓపిక ఉంటే ఇది నేర్చుకోండి. దీని చిత్రాలు చూపే కోపర్నికస్ బ్రౌజర్ అనే సైటులో ఉచితంగా ఖాతా తెరవవచ్చు. ఊరి పేరు కొట్టి తారీఖు ఎంచుకుంటే ఆ రోజు ఉపగ్రహం చూసింది మీ ముందుంటుంది. ముందుగా మన వరంగల్ ఖిల్లాను వెతకండి. కాకతీయుల మట్టికోట గుండ్రంగా, లోపల రాతికోట ఇంకో గుండ్రంగా కనబడతాయి. కీర్తి తోరణాలు మాత్రం కనబడవు. ఏం కనబడుతుంది, ఏం కనబడదు అన్నది కంటికి అలవాటయ్యేది అక్కడే. తర్వాత తాడ్వాయి, మేడారం అడవికి వెళ్లండి. 2024 ఆగస్టు 31న గాలివానకు వేల చెట్లు కూలిన చోటు అది. ముందు బొమ్మ, తర్వాత బొమ్మ పక్కపక్కన పెట్టి చూడటం ఆ అడవి మీదే సాధన చేయొచ్చు. యుద్ధ నష్టాన్ని వెతికే పద్ధతి కూడా అదే.

యుద్ధంలో ఇది ఎంతవరకు పనికొస్తుందో 2023 జూన్ 6న తెలిసింది. ఉక్రెయిన్‌లో నీపర్ నది మీద కాఖోవ్కా ఆనకట్ట తెగింది. 2,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన జలాశయం వారాల్లో ఖాళీ అయి పచ్చిక మొలిచింది. అది చూడటానికి ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు. పాకాల చెరువు నీళ్లు తగ్గాయా పెరిగాయా అని చూసే కన్నే చాలు. తగలబడిన ఆయిల్ డిపో, మాడిన పొలాలు, కొత్తగా వేసిన రన్‌వే, నరికేసిన అడవి అన్నీ గుంట చుక్కలకు అందుతాయి. ఒక్క లారీ, ఒక్క ఫిరంగి, ఇంటి కప్పుకు పడ్డ చిల్లు అందవు.

ఇంకో మేలుంది. ఈ ఉపగ్రహం ఉదయం పదిన్నర ప్రాంతంలో దాటుతుంది. జమ్మూలో గానీ, ఉక్రెయిన్‌లో గానీ ఆ వేళ నీడలు పడమర, వాయవ్యం వైపు పడతాయి. "ఈ ఉదయం తీసింది" అని వచ్చిన ఫొటోలో ఉత్తరం పైకి ఉండి నీడలు తూర్పుకు పడ్డాయంటే, అది ఉదయపు ఫొటో కాదు, లేదా ఎవరో బొమ్మను తిప్పారు.

అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ గురించి ఎక్కువ చెప్పను. 1972 నుంచి ఆగకుండా ఉన్న రికార్డు దాని బలం. సరిహద్దులో ఒక ఊరు పదేళ్లలో ఎలా మారిందో చూడాలంటే అది తెరవండి. నిన్నటి దాడి కోసం కాదు.

## ఫర్మ్స్: త్వరగా తెలుస్తుంది, త్వరగా మోసపోతాం

భూమి మీద అసాధారణంగా వేడెక్కిన చోటును ఎర్ర చుక్కగా చూపే మ్యాపు ఇది. ఉపగ్రహం చూసిన మూడు గంటల్లోపు చుక్క పడుతుంది. ఉక్రెయిన్‌లో పోరు ఏ గీత మీద సాగుతోందో ఈ చుక్కలను బట్టి పసిగట్టినవాళ్లు చాలామంది.

కానీ చుక్క పడ్డంత మాత్రాన అది బాంబు కాదు. మన దగ్గర యాసంగి కోతలయ్యాక కొయ్యకాళ్లు కాల్చినా అదే ఎర్ర చుక్క. గడ్డి మంట, ఫ్యాక్టరీ పొయ్యి, ఫిరంగి గుండు తేడా దానికి తెలియదు. చుక్క లేదంటే దాడి జరగలేదనీ కాదు. ఆ వేళ ఉపగ్రహం పైన లేకపోవచ్చు, మబ్బు ఉండొచ్చు. చిన్నమ్మ కోసం చూసిన రాత్రి అక్కడ చుక్క లేదు. దాన్ని ఒక చిన్న ఆధారంగానే లెక్కేసుకున్నాను. ఫొటో పాతదని తేలాకే ఆమెకు ఫోన్ చేశాను.

## కంపెనీల చిత్రాలు: బలమూ అక్కడే, మెలికా అక్కడే

వ్యాపార ఉపగ్రహ చిత్రం యుద్ధంలోకి రావడం కొత్త కాదు. 1999లో ఐకొనోస్ అనే ఉపగ్రహం మీటరు స్పష్టతతో మార్కెట్‌లోకి వచ్చింది. 2001లో అఫ్గానిస్తాన్ యుద్ధం మొదలవగానే అమెరికా ప్రభుత్వం నెలకు దాదాపు 19 లక్షల డాలర్లు కట్టి, ఆ దేశం మీద తీసిన ఐకొనోస్ చిత్రాలన్నీ తానే కొనేసింది. చట్టంతో ఆపలేదు, డబ్బుతో ఆపింది. ఇరవై ఏళ్ల తర్వాత 2022 ఫిబ్రవరిలో కథ తిరగబడింది. కీవ్ ఉత్తరాన 64 కిలోమీటర్ల పొడవున నిలిచిన రష్యా వాహనాల బారును అమెరికా కంపెనీ మాక్సర్ చిత్రాల్లో లోకమంతా చూసింది. ఒకప్పుడు గూఢచారులకే అందే దృశ్యం మన ఇంట్లో టీవీకి వచ్చింది.

నాకు మాత్రం వీటి అసలు విలువ కీవ్ దగ్గరి బూచా విషయంలో అర్థమైంది. 2022 ఏప్రిల్ మొదట్లో ఆ ఊరి వీధిలో శవాల వీడియోలు బయటికొచ్చాయి. మా సేన మార్చి 30కే వెళ్లిపోయింది, ఇవన్నీ తర్వాత పెట్టిన నాటకం అని రష్యా అంది. మాక్సర్ పాత చిత్రాలు తీస్తే మార్చి 18, 19 తేదీల్లోనే, అంటే రష్యా సేన ఆ ఊళ్లో ఉండగానే, అదే వీధిలో అవే చోట్ల ఆ ఆకారాలు పడి ఉన్నాయి. అడుగు స్పష్టత లేకపోతే మనిషి ఆకారం కనబడేది కాదు. కానీ అబద్ధాన్ని పడగొట్టింది ఆ తారీఖు.

మనకు ఇంకా దగ్గరిది గాల్వాన్. 2020 జూన్ 15 రాత్రి కర్నల్ సంతోష్ బాబు, మన సూర్యాపేట బిడ్డ, మరో 19 మంది జవాన్లు ప్రాణాలిచ్చారు. మర్నాడు పొద్దున ప్లానెట్ అనే అమెరికా కంపెనీ తీసిన చిత్రాల్లో ఆ లోయలో పెరిగిన కదలిక, జూన్ 22 నాటి మాక్సర్ చిత్రాల్లో చైనా వైపు కట్టడాలు కనబడ్డాయి. విలేకరి ఎవరూ అడుగుపెట్టలేని చోటు అది. ఏం జరుగుతోందో సామాన్యుడికి కొంతైనా తెలిసింది ఈ చిత్రాల వల్లే.

ప్లానెట్‌కూ మాక్సర్‌కూ తేడా ఇక్కడ తెలుసుకోవాలి. ప్లానెట్ చిన్న ఉపగ్రహాలు (పట్టికలోని ప్లానెట్‌స్కోప్) వందకు పైగా తిరుగుతూ భూమి మీది నేలను దాదాపు రోజూ తీస్తాయి. ఎవరూ అడగకముందే ఫొటో ఉంటుంది. "ఆ గుంత ఏ రోజు పడింది" అన్న ప్రశ్నకు దాన్ని మించింది లేదు. మాక్సర్‌ది (పట్టికలోని వరల్డ్‌వ్యూ) ఆర్డరిస్తే గురిపెట్టి తీసే పెద్ద కన్ను. దాని ఉపగ్రహ చిత్రాల విభాగం పేరు 2025 అక్టోబరు నుంచి వాంటర్ అయింది. "అక్కడ ఉన్నది ఏ విమానం" అన్న ప్రశ్నకు అది కావాలి. 2025 మేలో పాకిస్తాన్ భోలారి స్థావరంలో హ్యాంగర్ కప్పుకు పడ్డ చిల్లు కనబడింది అలాంటి చిత్రంలోనే.

చిల్లు కనబడినా లోపల ఏముందో కనబడదు. బాలాకోట్ గుర్తుంది కదా. 2019 ఫిబ్రవరి 26న పాకిస్తాన్‌లోని ఆ ఉగ్రవాద శిబిరం మీద మన వాయుసేన చేసిన దాడి తర్వాత, మార్చి 4న ప్లానెట్ తీసిన చిత్రాల్లో మదర్సా కట్టడాలు నిలిచే ఉన్నాయని రాయిటర్స్ రాసింది. ఆ బాంబులు కప్పుకు చిన్న రంధ్రం చేసి లోపల పేలతాయని మన వైపు నుంచి జవాబొచ్చింది. పైనుంచి కప్పును చూసి లోపలి లెక్క తేల్చగల చిత్రం ఎవరి దగ్గరా లేదు. కంపెనీ ముద్ర ఉందని చిత్రం చెప్పని మాట కూడా దానితో చెప్పించకూడదు.

ఇక మెలిక. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం ఉక్రెయిన్‌తో సమాచారం పంచుకోవడం కొన్నాళ్లు ఆపింది. ఆ రోజుల్లో తన పోర్టల్ ద్వారా ఉక్రెయిన్‌కు అందే మాక్సర్ చిత్రాలను కూడా నిలిపేసింది. తర్వాత మళ్లీ ఇచ్చింది. యుద్ధం మధ్యలో ఉన్న దేశానికి ఒక్క నిర్ణయంతో కళ్లు మూసుకుపోయాయి. అంతకుముందే ఇజ్రాయెల్ విషయంలో 1996లో ఒక అమెరికా చట్టం వచ్చింది. ఆ ప్రాంతం చిత్రాలను అమెరికా కంపెనీలు 2 మీటర్ల కన్నా స్పష్టంగా అమ్మకూడదు. 2020లో ఆ హద్దును 40 సెంటీమీటర్లకు సడలించారు. కాబట్టి కంపెనీ చిత్రం చూసినప్పుడు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఏం చూపించారన్నదే కాదు, ఏ రోజుది, ఏ ఊరిది చూపించలేదు? ఆ ఖాళీని కొంతవరకైనా పూడ్చేది గుంట చుక్కల ఉచిత చిత్రమే. అందుకే దాన్ని త్రాసు అన్నాను.

## మబ్బు కమ్మితే రాడార్

2023 జూలై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచేసింది. అలాంటి వానరోజుల్లో మామూలు ఉపగ్రహ చిత్రం తెరిస్తే తెల్లని దూది తప్ప ఏమీ ఉండదు. రాడార్ తన తరంగాలను తానే పంపి, తిరిగొచ్చిన దాన్ని కొలుస్తుంది. మబ్బు, చీకటి అడ్డం కావు. నిలిచిన నీరు తరంగాన్ని పక్కకు జార్చేస్తుంది కాబట్టి నల్లగా కనబడుతుంది. కట్టడాలు, ఇనుము తెల్లగా మెరుస్తాయి.

ఉక్రెయిన్ చలికాలం నెలల తరబడి మబ్బే. అందుకే 2022 ఆగస్టులో అక్కడి ప్రిటులా ఫౌండేషన్ జనం ఇచ్చిన చందాలతో ఫిన్లాండ్ కంపెనీ ఐసైతో ఒప్పందం చేసుకుంది. ఒక రాడార్ ఉపగ్రహం సేవలను తమ సైన్యానికి తెచ్చింది. డ్రోన్ల కోసం పోగైన డబ్బు అది. డ్రోన్ల కంపెనీ వాటిని ఉచితంగానే ఇస్తానంటే ఈ కంటికి పెట్టారు. గుడికి చందాలు వేసుకున్నట్టు జనం ఉపగ్రహానికి చందాలు వేసుకున్న సందర్భం నాకు ఇదొక్కటే తెలుసు.

యూరప్ వాళ్లదే ఇంకో ఉచిత ఉపగ్రహం, రాడార్ ఉన్న సెంటినెల్-1ను తక్కువ అంచనా వేయొద్దు. అమెరికా పరిశోధకులు కోరీ షేర్, జామన్ వాన్ డెన్ హూక్ గాజాలో దెబ్బతిన్న కట్టడాల అంచనాలు ఈ రాడార్ డేటాతోనే కట్టారు. సైనిక రాడార్లు కొన్ని ఇదే తరంగంలో పనిచేస్తాయి కాబట్టి, అవి ఆన్‌లో ఉంటే సెంటినెల్-1 చిత్రంలో పొడవాటి చారలు పడతాయి. దాచిపెట్టిన రాడార్ తన జాడను తానే గీసుకున్నట్టు. అయితే రాడార్ చిత్రం ఫొటో కాదు. చదవడం నేర్చుకోకుండా వార్తలో పెడితే తప్పు రాస్తారు.

## మన ఉపగ్రహాల మాట

బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, షాద్‌నగర్‌లో దాని గ్రౌండ్ స్టేషన్. దేశపు కళ్లు చూసింది దిగేది మన తెలంగాణ నేల మీదే. 1995లో ఎగిరిన ఐఆర్‌ఎస్-1సీ 5.8 మీటర్ల స్పష్టతతో అప్పటికి ప్రపంచంలోని పౌర ఉపగ్రహాల్లో మేటి. 2019 నవంబరు 27న ఎగిరిన కార్టోశాట్-3 ఈ రోజు కూడా ఎవరికీ తీసిపోదు.

మరి మనకెందుకు దొరకదు? 2023 అంతరిక్ష విధానం ప్రకారం 5 మీటర్లు, అంతకన్నా మోటు చిత్రాలు అందరికీ ఉచితం. అంతకన్నా సన్నవి ప్రభుత్వ సంస్థలకు ఉచితం, మిగతావారికి ధర. 2025 మేలో ఇస్రో అధ్యక్షుడు నారాయణన్ దేశ భద్రత కోసం కనీసం పది ఉపగ్రహాలు రాత్రింబవళ్లు పనిచేస్తున్నాయన్నారు. వాటి చిత్రాలు వాట్సాప్‌కు రావు, రాకూడదు కూడా. ఇస్రో చిత్రాలు దొరికే భువన్, భూనిధి పోర్టళ్లు మన చెరువులకు, పంటలకు, అడవులకు బంగారం లాంటివి. యుద్ధ వార్త తేల్చడానికి వాటి దగ్గరికి వెళ్తే నిరాశే.

## ఎవరు దేన్ని ఎంచుకోవాలి

ఇంట్లో జవాన్లున్నవాళ్లకు. ఏమీ కొనకండి. ఫొటో వస్తే తారీఖు, ఊరు అడగండి. రెండూ లేకపోతే పక్కన పెట్టండి. 2014లో ఉక్రెయిన్ మీద కూలిన మలేసియా విమానం ఎంహెచ్17 గురించి రష్యా టీవీ చూపిన శాటిలైట్ ఫొటో కూడా పాత గూగుల్ చిత్రం మీద అతికించినదే అని గంటల్లో తేలింది. టీవీలే అలా చేస్తే గ్రూపుల మాట చెప్పాలా? ఇప్పుడు కృత్రిమ మేధతో ఇంకా సులువు. ఇంకొక్క మాట, చేతులు జోడించి చెప్తున్నాను: మనవాళ్లు ఎక్కడున్నారో వెతకకండి, కనబడినా ఎవరికీ పంపకండి. మీకు కనబడింది అవతలివాడికీ కనబడుతుంది, నిజమే. కానీ అది ఫలానా యూనిట్ అని పేరు పెట్టి ఇచ్చేది మీరే అవుతారు.

జిల్లా విలేకరులకు, డెస్కు వాళ్లకు. సెంటినెల్-2, ఫర్మ్స్ రోజూ తెరిచే అలవాటు చేసుకోండి. మాక్సర్, ప్లానెట్ వార్తా సంస్థలకు విడుదల చేసే చిత్రాలు వాడితే కంపెనీ పేరు, తీసిన తేదీ శీర్షిక కిందే వేయండి. కంపెనీ ఫొటోలో గుర్తించిన చోటును ఉచిత చిత్రంలో ముందు, తర్వాత పెట్టి సరిచూడండి. రెండూ పొసగకపోతే వార్త ఆపండి. ఒక పూట ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఇంజినీరింగ్, జాగ్రఫీ విద్యార్థులకు. రాడార్ నేర్చుకోండి. రంగుల ఫొటో అందరూ చూడగలరు, రాడార్ చదివేవాళ్లు తక్కువ. మోరంచవాగు వరద మీద సెంటినెల్-1తో ఒక ప్రాజెక్టు చేస్తే, గాజా మీద ఆ పరిశోధకులు చేసిన పనికి మొదటి మెట్టు ఎక్కినట్టే. 52 నిఘా ఉపగ్రహాల పథకానికి కేంద్రం 2024లో ఆమోదం ఇచ్చింది. అందులో 31 ప్రైవేటు సంస్థలు కట్టాల్సినవి. చదివేవాళ్లు కావాలి.

నిజంగా కొనాలనుకునే పరిశోధకులకు, సంస్థలకు. కొత్తగా తీయించకండి, ముందు పాత నిల్వలో వెతకండి. చాలామంది విక్రేతలు పాత చిత్రానికే కనీసం 25 చదరపు కిలోమీటర్లు కొనమంటారు, కొత్తదానికి ఇంకా ఎక్కువ. మీకు కావాల్సింది ఒక్క వంతెనే కావచ్చు. బిల్లు మాత్రం మట్టికోట, దాని చుట్టూ ఉన్న సగం వరంగల్ అంత నేలకు వస్తుంది. కొనేముందు మబ్బు శాతం, తీసిన కోణం, ప్రచురించే హక్కు మూడూ రాతపూర్వకంగా తీసుకోండి. హక్కు లేకుండా కొంటే ఫొటో మీ కంప్యూటర్‌లో ఉంటుంది, మీ నివేదికలో వేయలేరు.